జారిపోయిన ‘ట’

రాజ్యాలు కూలిన తేదీలు పాఠ్యపుస్తకాల్లో దొరుకుతాయి. అక్షరాలు కూలిన తేదీలు దొరకవు. అందుచేత, సముద్రం ఒడ్డున ఒక ఖరీదైన రిసార్టులో తువ్వాళ్ళ గది చూసుకునే ఒక పెద్దమనిషి నోటి నుంచి ‘ట’ అనే అక్షరం సరిగ్గా ఏనాడు జారిపోయిందో తేల్చడం ఇప్పుడు కష్టం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు వానలు వెలిశాక అని ఒక వాదం ఉంది. ఆయన బావమరిది మొదటిసారి భోజనానికి వచ్చిన పూట అని మరో వాదం. రెండో వాదానికే ఆధారాలు బలంగా ఉన్నాయి.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. పడవలు ఆగే చెక్కవంతెన పక్కనే ఉంటుంది. నీలం తువ్వాళ్ళు ఈతకొలనుకి, తెల్లవి గదులకి, చారలవి పగడాల దిబ్బ చూడబోయేవాళ్ళకి. ఆ దిబ్బకి పడవలో ఇరవై నిమిషాలు. అతిథులు అక్కడ ముఖానికి అద్దం తగిలించుకుని, నీళ్ళ మీద బోర్లా తేలుతూ కిందికి చూసి, తిరిగొచ్చి, వణుక్కుంటూ మొట్టమొదట నిలబడేది మన తువ్వాళ్ళాయన ముందే. వింత చూసొచ్చిన మనిషి ఎదురుపడ్డ మొదటివాడికి చెప్పకుండా ఉండలేడు. తల తుడుచుకుంటూనే మొదలుపెడతాడు. నీళ్ళలో అద్దం చేపని కొంత పెంచుతుంది. చెప్పే నోరు మరికొంత పెంచుతుంది. మిగతాది ఆయన ఇంటికెళ్ళే బస్సులో పెరిగేది.

మొదట్లో ఆయన ఇంట్లో నిజాయితీగానే చెప్పేవాడు. చిలకచేప పగడాన్ని కొరికితే ఆ చప్పుడు నీళ్ళలో వినిపిస్తుందట అనేవాడు. నీలంగా ఒక చేప ఉంటుందట, మనిషిని చూసి పక్కకి తప్పుకోదట, మనమే తప్పుకోవాలట అనేవాడు. ఆ పూట భోజనానికొచ్చిన బావమరిది ముద్ద చేతిలోనే ఆపి, “మీరు చూశారా బావగారూ?” అని అడిగాడు. అత్తవారి తరఫు మనిషి అంత గౌరవంగా ఆయన్ని ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. ఆయన లేదనలేదు. అవుననీ అనలేదు. “కొరికితే చప్పుడు వినిపిస్తుంది” అన్నాడంతే. ట రాలిపోయింది. అది రాలిన చప్పుడు మాత్రం ఎవరికీ వినిపించలేదు.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు అది తిరిగి రాలేదు. ఫలితాలు గొప్పగా ఉన్నాయి. అత్తవారింట్లో తోడల్లుళ్ళు ఇద్దరున్నారు, ఒకాయనకి టైర్ల దుకాణం, ఇంకొకాయన బ్యాంకు ఆఫీసరు. అయినా ఫ్యాను కింద కుర్చీ మాత్రం తువ్వాళ్ళాయనది. పిల్లలు చుట్టూ చేరేవాళ్ళు. బ్యాంకు ఆఫీసరుగారిని పిల్లలెవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు.

అసలు విషయం ఏమిటంటే, ఆయన ఒక్కనాడూ పడవ ఎక్కలేదు. స్నానానికి చెంబెడు నీళ్ళు తల మీద పోసుకోవాలన్నా ముందు ఊపిరి బిగబట్టే మనిషి. పగడాల దిబ్బ దగ్గర సముద్రానికి అడుగే ఉండదని ఆయన నమ్మకం. ఎంత లోతో ఎవరినీ అడగలేదు. అడిగితే చూడలేదని బయటపడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. ఆయన భార్య అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. బిల్లు పుస్తకాలు, బడి వాచకాలు, పెళ్ళి పత్రికలు, ఏదొస్తే అది. పోయిన అక్షరాన్ని పట్టుకోవడమే ఆవిడ ఉద్యోగం. అక్షరం పోయినచోట కింద ఒక చిన్న హంసపాదు గీసి, పైన ఆ అక్షరం చేర్చి, కాగితం తిప్పేస్తుంది. ఒకసారి ఎవరి పత్రికలోనో పెళ్ళికొడుకు తండ్రి పేరులో సున్నా ఎగిరిపోతే, మిషను ఆపించి మరీ పెట్టించింది. అంతటి ఆవిడ, సొంత ఇంట్లో పోయిన అక్షరం గురించి ఎన్నడూ నోరెత్తలేదు. కనిపెట్టలేదని ఆయన అనుకున్నాడు. భర్తలు చాలా అనుకుంటారు.

ఇలా ఉండగా రిసార్టుకి కొత్త మేనేజరు వచ్చాడు. ఇరవై ఏళ్ళు పనిచేసిన ప్రతివాళ్ళూ భార్యాభర్తలుగా రెండు రోజులు అతిథులై ఉండాలనీ, అతిథి కష్టసుఖాలు అప్పుడే తెలుస్తాయనీ ఒక కాగితం అంటించాడు. గది, భోజనాలు, పగడాల దిబ్బకి పడవ ప్రయాణం, అన్నీ ఉచితం. ఆ కాగితంలో పడవ అన్న మాట దగ్గర తువ్వాళ్ళాయన చాలాసేపు ఆగాడు. ఇంట్లో చెప్పేటప్పుడు ఆ ఒక్క మాటా మింగేశాడు. కానీ కాగితం నకలు ఆయన చొక్కా జేబులో ఉంది, ఆ చొక్కా ఉతికేది ఆవిడ, అచ్చయిన కాగితం కనబడితే చదవకుండా వదలని జబ్బు కూడా ఆవిడదే.

అతిథిగా ఆయన దారుణంగా విఫలమయ్యాడు. వడ్డించే మనిషి దగ్గరికొస్తే లేచి నిలబడ్డాడు. పొద్దున్నే లేచి పక్కదుప్పటి తనే సర్దేస్తే, గదులు శుభ్రం చేసే ఆవిడ గుమ్మంలో నిలబడి, “మీరిలా చేస్తే నన్ను ఇంట్లో కూర్చోమంటారు బాబాయ్‌గారూ” అని నిష్ఠూరమాడింది. తన గదిలో తనకే తువ్వాలు కావాల్సి వస్తే, తన బదులు కూర్చున్నవాడు గది నంబరు అడిగి సంతకం పెట్టించుకున్నాడు. ఆయనకి ఆ పద్ధతి నచ్చి వాణ్ణి మెచ్చుకున్నాడు.

గదిలో అడుగుపెట్టగానే మంచం మీద తెల్ల తువ్వాలుతో చేసిన హంస కనిపించింది. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. “హంస బాగానే ఉంది. పాదం లేదు” అంది. ఆయన ఆ మాటని పట్టించుకోకుండా, చెయ్యి ఊరుకోక, హంసని విప్పి మూడు మడతలు పెట్టేశాడు.

మొదటి రోజు ఆవిడ పడవ మాటెత్తితే గాలి ఎక్కువగా ఉందన్నాడు. సాయంత్రం ఎండ కళ్ళలో పడుతుందన్నాడు. తాను ఎన్నోసార్లు చూసిందే కదా, ఆవిణ్ణి ఒక్కదాన్నే వెళ్ళి రమ్మన్నాడు. ఆవిడ దేనికీ అడ్డు చెప్పలేదు. మర్నాడు పొద్దున పదింటికి ఇద్దరి పేర్లూ రాయించానని మాత్రం చెప్పింది.

పడవ నడిపేవాడు పాత స్నేహితుడే. “ఇన్నాళ్ళకి నా పడవెక్కావు బాబాయ్” అన్నాడు సంతోషంగా. బాబాయ్‌కి గట్టిగా దగ్గొచ్చింది. ఆ దగ్గు వంతెన దాటేదాకా తగ్గలేదు. ఆవిడ సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. దారిపొడుగునా ఆయన బల్లచెక్క రెండు చేతులతో పట్టుకుని ఆకాశాన్ని పరిశీలించాడు. నీళ్ళలోకి తొంగి చూడలేదు. ఆయన బాధ ఒకటే. ఆవిడ అక్కడ చూడబోయేదీ, తాను ఫ్యాను కింద కూర్చుని చెప్పినదీ సరిపోకపోతే, ఈ వయసులో ఆ కుర్చీ పోతుంది.

దిబ్బ దగ్గర పడవ ఆగింది. పగడాల మీద కాళ్ళు పెట్టొద్దనీ, బోర్లా తేలాలనీ పడవవాడు చెప్పాడు. ఆవిడ ముఖానికి అద్దం తగిలించుకుని, తేలే చొక్కా తొడుక్కుని, ప్రూఫు అందుకున్నంత మామూలుగా నిచ్చెన దిగిపోయింది. పావుగంట వీపు మాత్రమే కనిపించింది. తర్వాత నిచ్చెన దగ్గరికొచ్చి తల పైకెత్తి, అద్దం తీసింది.

“చిలకచేప కొరికే చప్పుడు వినిపించింది. ఆ నీలం చేప కూడా తప్పుకోలేదు, నేనే తప్పుకున్నాను. అంతా మీరు చెప్పినట్టే ఉంది” అంది.

ఆయన బల్లచెక్క మీంచి ఒక చెయ్యి తీశాడు.

“ఒక్క అక్షరమే తక్కువ” అంది.

పడవవాడికి ఉన్నట్టుండి తాడుతో ఏదో పని గుర్తొచ్చింది.

“ఎప్పుడు కనిపెట్టావు?” అన్నాడాయన.

“మా తమ్ముడి చేతిలో ముద్ద ఉండగానే.”

“మరి అప్పుడే దిద్దలేదేం?”

“వినడానికి బాగుంది. అందుకని హంసపాదు గీసి, అక్షరం తర్వాత చూసుకుందాంలే అనుకున్నాను.” ముఖం మీద నీళ్ళు తుడుచుకుంది. “వచ్చే ఆదివారం మావాళ్ళంతా వస్తున్నారు, ఇక్కడి కబుర్లు వినడానికే. ‘ట’ పెట్టి చెబుతారో, దిగి చూసి చెబుతారో మీ ఇష్టం. ఈసారి ఊరికే వదలను.”

ఆయన ఆలోచించాడు. ఫ్యాను గుర్తొచ్చింది, కుర్చీ గుర్తొచ్చింది. బ్యాంకు ఆఫీసరుగారి ముఖం మరీ స్పష్టంగా గుర్తొచ్చింది. లేచి నిలబడి, గడియారం తీసి పడవవాడికిచ్చాడు. చారల తువ్వాళ్ళు బీరువాలో కింది అరలో ఉన్నాయని, తడివి పొడివాటితో కలపొద్దని, మేనేజరుగారు మంచివారని చెప్పాడు. ముక్కు మూసుకున్నాడు, కళ్ళు కూడా మూసుకున్నాడు. నిచ్చెన మీద ఒక మెట్టు దిగాడు, రెండో మెట్టు దిగాడు, మూడో మెట్టు మీంచి, ఇక అడుగు లేని సముద్రంలోకి, చెయ్యి వదిలేశాడు.

కాళ్ళ కింద ఇసక తగిలింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి.