ఏరియల్‌కు కట్టిన తావీజు

మా పక్కింటి టాక్సీ అతని చెల్లెలు హైదరాబాదులో చదువుకుంటూ విషజ్వరంతో పోయింది. పోకముందు రేడియో స్టేషన్‌కు వెళ్లి ఆడవాళ్ల ఉర్దూ కార్యక్రమంలో ఒక చిన్న కథ చదివింది. ఆ రికార్డును ఆదివారం మధ్యాహ్నం వినిపిస్తారని ఆమె స్నేహితురాలు కబురు పంపింది. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యేదాకా ఇంట్లో రేడియో మోగగూడదని పెద్దలు అప్పటికే సెట్టు మీద దుప్పటి కప్పించారు. రేడియో వినడానికి ఇంకొకరి గడప తొక్కే స్థితిలో తల్లి లేదు.

"ఇంట్ల వద్దన్నరు. కారుల వద్దనలే గద భాయ్. జర వచ్చి చూడు," అని అతను నన్ను పిలిచాడు.

నేనప్పుడు పిండిగిర్నీలో పని చేసేవాణ్ణి. బడి చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, మెదక్ గ్రంథాలయంలో రేడియోల మీదున్న పుస్తకాలన్నీ చదివేశాను. వీధిలో ఎవరి సెట్టు మొరాయించినా నా కోసమే వచ్చేవారు. అది నాకు గర్వంగా ఉండేది.

ఆదివారం కార్యక్రమానికి గంట ముందు వెళ్లి చూస్తే, కారు రేడియోలో హైదరాబాదు నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది. మొదట మీటలను అనుమానించాను. ఒక్కో మీటకు ఒక్కో స్టేషన్ కట్టిపెట్టుకునే సెట్టు అది. గుంతల రోడ్లకు ఊగి ఊగి అవి తప్పుతాయి. మీటను బయటికి లాగి, ముల్లును హైదరాబాదు మీదికి తిప్పి, గట్టిగా లోపలికి నొక్కాను. స్టేషన్ సరిగ్గా నిలిచింది, గొంతు మాత్రం పెరగలేదు. ఇంజను ఆపినా గరగర పోలేదు గనక ప్లగ్గుల తప్పు కాదు. మిగిలింది ఏరియల్.

దాని మొదట్లో రాగి తావీజు ఒకటి ఇత్తడి తీగతో కట్టి ఉంది. తీగ రెండో కొస బానెట్ బోల్టుకు చుట్టి ఉంది.

"ఇదెవరు కట్టిండ్రు?"

"అమ్మీ. చెల్లె పోయినంక దర్గా నుంచి తెప్పించింది. నేను దినాం రామాయంపేట రోడ్డు మీద తిరుగుత గద, ఆమెకు పరేషాన్."

ఏరియల్ పట్టిందంతా ఆ తీగ వెంట కారు రేకులోకి దిగిపోతోంది. తీగ తీసి తావీజును దారంతో లోపల అద్దానికి కడితే చాలన్నాను. అతను పట్టకారు అందుకున్నాడు. మెట్ల మీదున్న తల్లి లేచి వచ్చి అతని చేయి పట్టుకుంది.

"ముడి ఇప్పకు. ఇప్పితె ఇగ అది ఉత్త రాగిముక్క."

"దాని గొంతు ఇనొద్దా అమ్మీ?"

"దానికి గూడ కడ్తనన్న. నవ్వింది. ఊకున్న." ఆమె నావైపు తిరిగింది. "నువ్వు కితాబులు చదివినోనివి, చెప్పు బేటా. పోయినదాని గొంతు కోసం ఉన్నోని తావీజు ఇప్పాల్నా?"

"రేడియో సంగతి తెలుసమ్మా. ఇది నాకు తెల్వదు," అన్నాను.

డాష్‌బోర్డు విప్పి వేరే ఏరియల్ తీగ వేసేంత టైము లేదు. కార్యక్రమం మొదలయ్యే వేళకు ఆమె కొంగు తల మీదికి లాక్కుని వెనక సీట్లో కూర్చుంది. గరగరలోంచి ఒక ఆడపిల్ల గొంతు లేచేది, మునిగేది. ఒక్క మాటా పూర్తిగా అందలేదు.

"అదేనా?" అని కొడుకును అడిగింది.

"అదే అమ్మీ."

అతనికీ తెలియదని అతని మొహం చూస్తే తెలుస్తోంది. ఆ గొంతు ఆగి పాట మొదలయ్యాక ఆమె దిగింది. అతనికి రామాయంపేట కిరాయి ఉంది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆమె వీధిలోనే నిలబడింది.