బుడ్డమ్మ నడుముకు కట్టిన సీసం

పోయినవాటి లెక్క ముందు చెబుతాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే.

ఆకాశంలో నలుగురు ఆడపిల్లలు చేతులు పట్టుకుని దిగే జట్టులో ఒక చోటు పోయింది. దాని కోసం మూడేళ్ళు దాచుకున్న జీతం పోయింది. ఆ జట్టులోనే ఇంకొక అమ్మాయి భుజం కీలు జారింది. ఆ అమ్మాయి తర్వాత మళ్ళీ దూకిందో లేదో నాకు తెలియదు, కాబట్టి అక్కడ ఖాళీ వదులుతున్నాను. చివరగా, మా అన్న కూతురికి తన ఒంటి మీద అప్పుడప్పుడే కలిగిన నమ్మకం పోయింది. దాన్ని ఏ కొలతలో రాయాలో నాకు ఈనాటికీ తెలియలేదు.

ఇవన్నీ నేను పోగొట్టినవి. ఆరేళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

బెజవాడ గవర్నర్‌పేటలో వలల సామాను అమ్మే హోల్‌సేల్ కొట్లో గుమాస్తాని నేను. నైలాన్ దారం, బెండ్లు, తాళ్ళు, వల మునగడానికి దాని అడుగు తాడుకు కట్టే సీసం గుండ్లు, ఇవీ మేం అమ్మేవి. ఏడో తరగతితో చదువు ఆగింది. ఆపైన లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. కొట్లో నన్ను పంతులు అంటారు. అందులో సగం గౌరవం, సగం వెక్కిరింత. నేను మాత్రం మొత్తం గౌరవం కిందే జమ కట్టుకునేవాణ్ణి. జరిగినదానికి మూలం అక్కడే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

మా అన్న, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ దగ్గర, మా ఊళ్ళోనే ఉండి చేపల వేటకు వెళ్తాడు. ఆయన కూతురి అసలు పేరు రాయను. ఇంట్లో అందరం బుడ్డమ్మ అంటాం. పుట్టినప్పటి నుంచీ చిన్న మనిషి. కాలేజీలో ఎన్‌సీసీ యూనిఫాం కుట్టించుకోబోతే, టైలరు స్కూలు పిల్లల కొలతలు చాలునన్నాడట. ఇరవై మూడేళ్ళ వయసులో నలభై ఒక్క కిలోలు. కానీ ఈతలో దాన్ని మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. పటమటలో ఒక ఈతకొలనులో పిల్లలకు నేర్పే ఉద్యోగం చేస్తూ మా ఇంట్లోనే ఉండేది.

ఎన్‌సీసీలో ఒకసారి జీపుకు తాడు కట్టి లాగే పారాచూట్‌తో పైకి లేచింది. అప్పటి నుంచి దానికి ఒకటే ధ్యాస, విమానంలోంచి దూకాలని. డబ్బు దాచుకుని, సెలవు పెట్టి, ఉత్తరాదిన స్కైడైవింగ్ నేర్పే ఒక చోటికి వెళ్ళింది. అన్న కోపంతో నాలుగు నెలలు దానితో మాట్లాడలేదు.

అక్కడ కష్టాలన్నీ చిన్న ఒంటివల్లే వచ్చాయి. పారాచూట్ సంచి పట్టీలు చివరిదాకా బిగించినా భుజాల మీద వదులుగానే ఉండేవి. నేర్చుకునేవాళ్ళకిచ్చే పారాచూట్ పెద్దది. దాని కింద ఇంత తేలిక మనిషి వేలాడితే, గాలి కాస్త వీచినా అది ముందుకు పోకుండా వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని మిగతావాళ్ళు దూకుతుంటే దీన్ని కూర్చోబెట్టేవాళ్ళు. ఓపిక పట్టి అదీ దాటింది. ఒంటరిగా దూకడం వచ్చేసింది. తర్వాత అసలు చిక్కు ఎదురైంది. నలుగురు కలిసి దూకితే తేలిక మనిషి నెమ్మదిగా పడుతుంది. మిగతా ముగ్గురూ దాని కిందికి జారిపోయేవాళ్ళు. ఇది పైన మిగిలిపోయేది.

ఆ వీడియోలు నాకు పంపేది. నేను కొట్లో కూర్చుని ఆపి ఆపి చూసేవాణ్ణి. చేతిరుమాలుకు నాలుగు మూలలా దారం కట్టి, ఒక గుండు వేలాడదీసి, పక్క లాడ్జి మూడో అంతస్తు మీద నుంచి వదిలాను. తర్వాత నాలుగు గుండ్లు కట్టి వదిలాను. బరువు నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లే అవుతోంది. చిన్న ఒంటికి గాలి తగిలే మేర కూడా చిన్నదే, కానీ బరువు తగ్గినంతగా ఆ మేర తగ్గదు. తేడా అక్కడ వస్తుంది. ఇది తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. లెక్క వేస్తే నాలుగు కిలోలని తేలింది. అక్కడి కోచ్ కూడా ఆ మాటే అన్నాడు. నాలుగు కట్టుకో, కొత్తదానివి, అంతకు మించి వద్దన్నాడు.

నేను దానితో ఏమన్నానో మాటకు మాట గుర్తుంది. "లోపం నీలో లేదమ్మా. నాలుగు కిలోలు తక్కువున్నాయి, అంతే. తక్కువున్నది కలుపుకోవచ్చు."

అది నవ్వింది. "ఇన్నేళ్ళకి నా పొట్టితనానికి మందు చెప్పింది నువ్వొక్కడివే బాబాయ్."

మా ఆవిడ గట్టి కాన్వాసు గుడ్డతో నడుముకు కట్టుకునే పట్టీ కుట్టింది. ఎనిమిది జేబులు. సీసం మాత్రం వాళ్ళ నాన్న పాత వలదే కావాలంది బుడ్డమ్మ. ఆయన ఆశీర్వదించడు కాబట్టి ఆయన సీసమైనా వెంట ఉండాలని. మధ్యలో ఇంటికొచ్చినప్పుడు ఊరెళ్ళి, వాళ్ళమ్మనడిగి, డబ్బాడు గుండ్లు తెచ్చింది.

మా వాళ్ళు గుండ్లను తూచరు. లెక్కపెడతారు. గుండు అంటే యాభై గ్రాములు. ఇన్ని గుండ్లు కట్టిన వల అంటే అందులో ఇంత బరువున్నట్టే. చిన్నప్పటి నుంచీ విన్న లెక్క. జేబుకు పదేసి, మొత్తం ఎనభై, నాలుగు కిలోలు. రెండుసార్లు లెక్కపెట్టాను. కాటా అదే కొట్లో, నా కుర్చీ పక్కనే ఉంది. తూచలేదు.

ఇసక మీద ఏళ్ళ తరబడి ఈడ్చిన సీసం అరిగిపోతుంది. అది నాకు తెలియదా? అరిగిన గుండ్లతో గోళీలాడుకుంటూ పెరిగినవాణ్ణి. పట్టీ కట్టుకుని చూసి, "నాలుగు కిలోలంటే ఇంత తేలిగ్గా ఉంటుందా" అని ఆ పిల్లే అంది. అప్పుడూ నాకు తట్టలేదు.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. పొరపాటుకు ఆరేళ్ళు ఎవరూ కుమిలిపోరు.

పట్టీతో అది తిరిగి ఉత్తరాదికి వెళ్ళాక, అక్కడి జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. ఐదు జంపులు కలిసి చేసి చూస్తామన్నారు. రెండు అయ్యాయి. వీడియో పంపింది. ముందుకన్నా నయమే, కానీ ఇంకా పైనే ఉంది. నా లెక్క ప్రకారం అలా ఉండకూడదు. మర్నాడు కొట్లో, డబ్బాలో మిగిలిన గుండ్లలోంచి పది తీసి కాటాలో వేశాను. ఐదు వందలు రావాలి. మూడు వందలు వచ్చింది. మళ్ళీ వేశాను. మూడు వందలే.

సరిగ్గా ఆ పూటే అన్న దారం కొనడానికి బెజవాడ వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. "పంతులు గారు తూస్తున్నారేంటి ఇవాళ, ఇంకెవరి పిల్లని తోస్తారేంటి విమానంలోంచి" అన్నాడు. కొట్లో కుర్రాళ్ళు నవ్వారు. అప్పుడు ఫోన్ మోగింది.

"బాబాయ్, మూర దూరంలో ఆగిపోతున్నా. చెయ్యి చాపితే వేళ్ళు తగిలేటట్టే ఉంటాయి, తగలవు. లెక్క ఎక్కడైనా తప్పిందేమో ఒక్కసారి చూడవా?"

కాటా మీద గుండ్లు ఇంకా అలాగే ఉన్నాయి. అన్న నన్నే చూస్తున్నాడు.

"లెక్క తప్పలేదమ్మా," అన్నాను. "నీ ఒళ్ళే అంత."

"సరే బాబాయ్."

ఫోన్ పెట్టేశాను. "నే ముందే చెప్పా కదరా" అన్నాడు అన్న.

ఆ దూకే చోట సీసం సంచులకు కొదవ లేదు. పట్టీలో తక్కువుంది, తూచి సరిచూసుకో అని ఒక్క వాక్యం చాలు. సాయంత్రం అన్న బస్సెక్కాక చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. ఆగిపోతే మంచిదే కదా, పిల్ల ప్రాణం భద్రం కదా, అన్న మనసు కుదుటపడుతుంది కదా, అని నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్ళు దానికి భయం అనే పేరు పెట్టుకుని బతికాను. భయమే అయితే పట్టీ ఎందుకు కుట్టించాను? భయమే అయితే ఆ లాడ్జి మీద నుంచి రుమాళ్ళు వదిలి ఎందుకు పొంగిపోయాను? కాదు. తూచకుండా లెక్కపెట్టిన పంతులు అని నలుగురు నవ్వుతారని. ఒక నవ్వు తప్పించుకోవడానికి ఆ పిల్ల ఒంటి మీద అబద్ధమాడాను.

లోపం లెక్కలో లేదన్నాను కాబట్టి, ఒంటితోనే సరిచేసుకోవాలనుకుంది బుడ్డమ్మ. మూడో జంపులో త్వరగా కిందికి జారాలని కాళ్ళూ చేతులూ ముడుచుకుంది. అలా ముడుచుకుంటే మనిషి రాయిలా పడుతుంది, అదుపు ఉండదు. కింద ఉన్న అమ్మాయి మీద పడింది. ఆ అమ్మాయి భుజం జారింది. ఒంటి చేత్తో పారాచూట్ తెరుచుకుని బతికింది. తెరుచుకోలేకపోయి ఉంటే? ఈ ప్రశ్న దగ్గర నా ఆలోచన ప్రతిసారీ ఆగిపోతుంది. మిగిలిన రెండు జంపులూ జరగలేదు. మర్యాదగానే పంపించేశారట.

ఇంటికొచ్చి పట్టీ నా చేతికిచ్చింది. "నీ కష్టం వృథా చేశాను బాబాయ్. ఏమనుకోకు" అంది. నాకు క్షమాపణ చెప్పింది. నేను తల మీద చెయ్యి వేశాను. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు అరటిపళ్ళూ నెయ్యీ ఒళ్ళు పడుతుందని బలవంతంగా తిని కక్కుకుంది. తర్వాత అదీ మానేసింది. ఆకాశం మాట మళ్ళీ ఎత్తలేదు. ఈతకొలనులోనే పని చేస్తోంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈమధ్య ఏదో పని మీద అక్కడికి వెళ్ళాను. ఒకావిడ తన కూతురు సన్నగా ఉందని, మిగతా పిల్లల్తో సమానంగా ఈదలేకపోతోందని బాధపడుతోంది. బుడ్డమ్మ చాలా మృదువుగా, ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పింది. "కొందరి ఒళ్ళు అంతేనండి. మనం ఏం చేయలేం." ఆ పిల్ల నీళ్ళలో గట్టు పట్టుకుని వింటోంది.

నా మాటే. నా అబద్ధమే. ఆరేళ్ళు దాని లోపల ఉండి, ఇంకో పిల్ల చెవిలో పడింది.

అప్పుడైనా నోరు విప్పానా? లేదు. వచ్చిన పని చూసుకుని వచ్చేశాను. బుడ్డమ్మ ఇది చదువుతుందో లేదో తెలియదు. చదివితే పట్టీ మాట చూడగానే పోల్చుకుంటుంది. క్షమించమని అడగను. అడిగితే క్షమించేస్తుంది, దాని స్వభావం అది. అందుకే అడగను. ఇదంతా ఒకరికి చెప్పానన్నది ఒక్కటే ఈ పూట నాకు కాస్త ఊపిరాడనిస్తోంది.

పట్టీ నా సొరుగులోనే ఉంది. జేబులు విప్పకుండా మొన్న మొదటిసారి కాటాలో పెట్టాను. రెండు కిలోల నాలుగు వందలు, గుడ్డను మినహాయిస్తే. దాని పక్కన కొత్త గుండ్లు ముప్పై రెండు, ఒక్కొక్కటీ తూచి, మూట కట్టి ఉంచాను. ఇవ్వలేదు.

బుడ్డమ్మకు నేను పడ్డ బాకీ, నేటికి, ఒక కిలో ఆరు వందల గ్రాములు.