వెలుతురుకు అడ్డం

బల్బుల మాస్టారు ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆసుపత్రిలో ఎలక్ట్రీషియన్. చెవి మీద టెస్టరు, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, నోటినిండా ఉపన్యాసం. స్కానింగ్ విభాగంలో వైఫై వద్దని, వెలుతురులోంచే ఇంటర్నెట్ దిగే కొత్త లైట్లు తన చేత బిగింపించాక ఆయన నడకే మారిపోయింది. "ఇన్నాళ్ళూ వెలుగే ఇచ్చాను, ఇప్పుడు లోకాన్నే దింపుతున్నా" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

మొదటిరోజే ఒక ముసలమ్మకు లైటు కింద వీడియో కాల్‌ కోసం టాబ్లెట్ కంప్యూటర్ ఇచ్చారు. ఆపరేషన్‌కు తీసుకెళ్ళేలోగా, ఆ ఉదయమే వేరే ఊళ్ళో పుట్టిన మనవరాలిని చూడాలని ఆమె తపన. పాప కనబడింది. మాస్టారు గర్వంగా ఆమె మీదికి వంగాడు. పాప మాయమైంది. కంగారుగా స్టూలెక్కి బల్బు మార్చాడు, తయారుచేసిన వాళ్ళను తిట్టాడు, పాప తిరిగి కనబడగానే దిగొచ్చి మళ్ళీ వంగాడు. మళ్ళీ మాయం.

"నాయనా, నువ్వొస్తే పాప పోతోంది. కాస్త జరగవూ?"

మాస్టారు తలెత్తి చూశాడు. లైటుకీ టాబ్లెట్‌కీ మధ్య ఉన్నది తన బట్టతలే. గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు. తెర మీద పాప ఆవులించింది; ముసలమ్మ ఏడుస్తూ నవ్వింది.

సాయంత్రం ఇంటికెళ్ళి, తన పరువు తానే తీసుకుంటూ కథంతా భార్యకు చెప్పాడు. ఆవిడ మెడ పక్కకు సాచి, "పాతికేళ్ళుగా మొత్తుకుంటున్నాను, టీవీకి అడ్డం నిలబడొద్దని" అంది.