ఆకు ముట్టని అపర్ణ

నిన్న గండిపేటల ఒక బండి మీద, తడి గోనెసంచి కింద మెంతికూర కట్టలు కనవడ్డయి. ఆ వాసనకు నేను మొయినాబాద్ దిక్కు హిమాయత్‌నగర్ల మా పాతింటి అరుగు మీద పోయి కూసున్న. మా ఈడోళ్లారా, మీ ఇండ్లల్ల గూడ గదే వాసన గదా?

మాది ఆకుకూరలు పండించే ఇల్లు. నా పేరేమో అపర్ణ. తొట్టెల నాడు ఆ పేరు నా చెవుల చెప్పింది నన్ను గన్న మా అవ్వనే.

బడిల తెలుగు సారు అర్థం చెప్పిండు: "పర్ణమంటే ఆకు. శివుని కోసం తపస్సు చేసుకుంట, ఆఖరికి ఆకులు గూడ తినుడు మానేసిన పార్వతే అపర్ణ."

నాకు గంతే చాలు. ఆ మాపటికి పుంటికూర, అదే గోంగూర, పప్పు పళ్లెం అవతలికి జరిపిన.

"అవ్వా, ఈ పేరున్నోళ్లు ఆకు ముట్టరు."

బాపు పక్కున నవ్విండు. అవ్వ నవ్వలే. కూర కట్టలు కట్టుకుంటనే అడిగింది: "ఆమెకు శివుడు గావాలె, అందుకే ఇడిసిపెట్టింది. నీకేం గావాలె?"

జర ఆలోచించి, "ఆలుగడ్డ వేపుడు" అన్న.

"ఆలుగడ్డ కోసం ఎవరన్న తపస్సు చేస్తరా? ఏం గావాల్నో ముందు గట్టిగ అనుకో. అటెనుక ఇడువు" అని పళ్లెం మళ్ల నా ముంగటికి తోసింది.

ఇప్పుడెవరన్న నా పేరుకు అర్థం అడిగితే ఒకటే చెప్త: తనకేం గావాల్నో ఎరుకున్న ఆడది.