ఇప్పపువ్వు ఏరిన హీరోగారి బిడ్డ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే ఒక సినిమా హీరో ఫొటో ఉండేది. మా నాయన ఆయనకు వీరాభిమాని. తెరమీద ఆ హీరో చొక్కా చేతులు మోచేతి దాకా మెల్లగా మడిచి, అప్పుడు విలన్ వైపు నడిచేవాడు. మా నాయన గొడ్లకు నీళ్లు పెట్టేముందు కూడా అలాగే మడిచేవాడు. ములకలపల్లి అవతల, అడవి అంచున మా ఊరు. కరెంటు ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. అయినా ఆ హీరో ఇంటి సంగతులన్నీ మాకు తెలుసు. ఆయన తండ్రి నాటకాల నుంచి సినిమాల్లోకి వచ్చాడని, కూతురు రెండు సినిమాల్లో వేస్తే రెండూ ఆడలేదని, ఆ తర్వాత ఆమె రాజకీయాల్లోకి దిగిందని నాయన మా మేనత్త సంగతి చెప్పినట్టే చెప్పేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఎన్నికలు వచ్చాయి. ఆమె మా వైపు ప్రచారానికి వస్తోందని తెలిసింది. అంతకు వారం ముందే మా బడి గోడకు ఎర్ర అక్షరాల కాగితం ఒకటి అంటించి ఉంది. ఏ పార్టీ వాళ్లనూ ఊళ్లోకి రానివ్వొద్దని, రానిచ్చినవాళ్లకు శిక్ష తప్పదని అందులో రాసి ఉంది. అడవిలోంచి ఎవరు వచ్చి అంటించారో ఊరందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనలేదు. ఆ కాగితం చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

"మనకెందుకయ్యా ఈ లొల్లి? రేపు వాళ్లొచ్చి అడిగితే ఏం చెప్తవ్?" అని అమ్మ ఏడ్చింది.

"మన హీరో బిడ్డ మన వాకిట్లకెళ్లి పోతుంటే మజ్జిగన్న ఇయ్యమా?" అన్నాడు నాయన. ఆమె వచ్చే రోజు పొద్దున్నే చొక్కా చేతులు మడుచుకుని, మైకు కట్టిన ఆటో ఎక్కి బూర్గంపాడు దారిలో ముందుగా వెళ్లిపోయాడు.

ఆమె కొత్తగూడెం నుంచి జీపుల్లో వచ్చి మా ఇంటి ముందు దిగింది. నేను ఊహించుకున్నంత ఎత్తు లేదు. నేత చీర, కళ్లకింద నలుపు. నులక మంచం మీద కూర్చుని మజ్జిగ గ్లాసు అందుకుందో లేదో, ముందు వెళ్లిన పోలీసుల్లో ఒకడు పరుగున వెనక్కి వచ్చాడు. ఊరవతల కల్వర్టు తూములో వైరు కనబడిందట, బాంబుదేనని అనుకున్నారట. పొద్దున్నుంచి ఆ కల్వర్టు మీద రెండుసార్లు తిరిగింది మా నాయన ఆటో ఒక్కటే కాబట్టి ఆయనను దింపి, చేతులు కట్టి రోడ్డు మీద కూర్చోబెట్టారట. అమ్మ గడప పట్టుకుని కూలబడింది.

ఆ వైరు ఎవరిదో నాకు తెలుసు.

అడవి పందులు ఆ తూములోంచే దూరి మా మొక్కజొన్న మీద పడేవి. రెండు రోజుల కిందట మా తాత పాత క్లచ్ వైరుతో అక్కడ ఉచ్చు బిగించాడు. వైరు చుట్ట పట్టుకుని పక్కన నిలబడింది నేనే. ఈ జీపులు, పోలీసులు ఆ దారినే వస్తారన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. ఉచ్చు పెట్టడం నేరం. అంతకు ముందు ఒకసారి తాతను ఫారెస్టువాళ్లు పట్టుకుపోయి కొడితే ఆయన నెల రోజులు కుంటుతూ నడిచాడు. చెబితే తాత పోతాడు, చెప్పకపోతే నాయన పోతాడు. వాకిట్లో ఓ మూల కూర్చున్న తాత వైపు చూశాను. ఆయన తువ్వాలు ముఖం మీదికి లాక్కుని కళ్లు మూసుకున్నాడు. అంత భయపడ్డ తాతను నేనెప్పుడూ చూడలేదు.

నా ముందు చాప మీద ఎండిన ఇప్పపువ్వు పోసి ఉంది. పుల్లలు ఏరమని పొద్దున అమ్మ చెప్పిన పని. నా చేయి పువ్వు మీద ఆడటం లేదు. అప్పుడు ఆమె మంచం దిగి వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. చీర కుచ్చిళ్ల మీద మజ్జిగ ఒలికి ఉంది. చూస్తే ఆమె వేళ్లు నా వేళ్లకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.

ఏం తీసెయ్యాలో నన్నడిగి, ఒక్కో పువ్వు ఏరుతూ, ఎవరికీ వినబడకుండా తన తండ్రి సంగతి చెప్పింది. ప్రతి షాటుకు ముందు ఆయనకు చేతులు వణికేవట. అది కనబడకుండా ఉండాలని చొక్కా చేతులు మడుచుకునేవాడట. జనం దాన్ని స్టైలనుకుని ఈలలు వేశారట.

"వణుకు తగ్గాక మాట్లాడదామనుకుంటే ఎప్పటికీ మాట్లాడలేమమ్మా. చేతులకు ఏదో ఒక పని ఇచ్చి, చెప్పాల్సింది చెప్పెయ్యాలి. నేనూ అంతే, మీటింగుల్లో మైకు తీగ చుట్టుకుంటూ ఉంటాను," అంది.

నేను పది పువ్వులు ఏరాను, తల ఎత్తలేదు. "గది బాంబు వైరు కాదు మేడం. పందులకు పెట్టిన ఉచ్చు. మా తాత పెట్టిండు. తాతను కొట్టనియ్యకుండ్రి," అన్నాను.

ఆమె లేచి పోలీసు అధికారి దగ్గరికి వెళ్లింది. ఈ పెద్దాయనకు ఆ వైరు సంగతి తెలుసని, వెంట తీసుకెళ్లి చూపించుకోమని చెప్పింది. తాత మీద చేయి పడకూడదంది. తాతా, ఆటోలోంచి దింపిన మనిషీ ఇద్దరూ నడిచి తన కళ్లముందుకు వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలనంది. ఇంత అడవిలో ఆగడం ప్రమాదమని ఆయన బతిమాలాడు. ఆమె మళ్లీ వచ్చి చాప మీద కూర్చుంది.

మూడు గంటలు అలాగే గడిచాయి. అడవి వైపు ఆకు కదిలినా ఆమె తల తిప్పి చూసేది, నేనూ చూసేదాన్ని. బూర్గంపాడు మీటింగు రద్దయిపోయింది. ఆమె వెంట వచ్చినవాళ్లు గొణుక్కున్నారు. గంపెడు ఇప్పపువ్వు అయిపోతే ఏరిందే మళ్లీ ఏరాము.

చివరికి అది ఉచ్చేనని తేలాక, ముందు తాత, వెనక నాయన నడుచుకుంటూ వచ్చారు. నాయన మణికట్టుల మీద తాడు గుర్తులు. ఒక చొక్కా చేయి మడిచి ఉంది, రెండోది కిందికి జారి ఉంది. ఆయన అంతగా ఆరాధించిన మనిషి బిడ్డ ఎదురుగా ఉంటే దండం పెట్టి నిలబడిపోయాడు. తూము దగ్గర ఇంకెప్పుడూ ఉచ్చు పెట్టొద్దని తాతకు చెప్పి ఆమె జీపు ఎక్కింది.

ఆ తర్వాత చాలా రోజులు కుక్క మొరిగినా ఉలిక్కిపడేవాళ్లం. అడవిలోంచి ఎవరూ వచ్చి అడగలేదు. తాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున ఇప్పపువ్వుకు పోతూ, "రావా ఏంది?" అన్నాడు.

ఆమె ఆ ఎన్నికల్లో గెలిచింది, మంత్రి అయింది, తర్వాత ఓడిపోయింది. ఇప్పుడు పేపర్లో కూడా కనబడదు. ఇంటి పేరుతో పైకొచ్చిందని అంటారు. అది నిజమే కావచ్చు, నేను వాదించను. మా వాకిట్లో మూడు గంటలు కూర్చున్నది మాత్రం ఇంటి పేరు కాదు.

నేనిప్పుడు భద్రాచలంలో ఒక దవాఖానాలో నర్సును. కొత్తగా చేరే పిల్లలకు పెద్దక్కను. రోగి పోయాడని బయట ఎదురుచూస్తున్నవాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడు నేను కట్లు కట్టే గాజుగుడ్డ మడుస్తూ వెళతాను. అక్కకు పనంటే ఎంత శ్రద్ధో అని ఆ పిల్లలు అనుకుంటారు. ఇరవై ఏళ్లయినా నా చేతులు వణుకుతూనే ఉన్నాయని వాళ్లకు తెలియదు. రెండో మడత పడేలోగా మాట చెప్పేస్తాను.