ఆరో నంబర్ వినోద

నారాయణఖేడ్‌లో పాలబండి వినోద అంటే తెలియనివాళ్లు తక్కువ. పొద్దున్నే మనూర్ వైపు పల్లెలు తిరిగి, గడప గడప దగ్గరా పాలు పోయించుకుని, ఎండ ముదరకముందే ఖేడ్‌లోని పాలకేంద్రానికి చేరుస్తుంది. బైకుకు అటొకటి ఇటొకటి నలభై లీటర్ల క్యాన్లు. నిజానికి ఆ పని మొదట ఆమె భర్త ధర్మేందర్‌ది. ఐదేళ్ల కింద అతని కాలు విరిగినప్పుడు, "కాలు అతికేదాక నేను పోత" అని వినోద బండి తీసింది. మూడు నెలలకు కాలు అతికింది. అతను బండి తాళం అడిగితే, "నువ్వు ట్రాక్టర్ నడుపుకో, ఇది నాది" అంది. ధర్మేందర్ నవ్వి ఊరుకున్నాడు. అత్త సంగమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇయ్యకే. వానికంటే నువ్వే మంచిగ నడుపుతున్నవ్," అంది.

ఆ మంచితనం ఊరికే రాలేదు. మొదటి వానాకాలంలో మనూర్ దాటాక రేగడి దారిలో బండి జారి, పాలన్నీ బురదపాలయ్యాయి. అటుగా వచ్చిన ఆటోలోంచి ఎవరో తల బయటపెట్టి, "ఇంట్ల కూసోక ఏందమ్మా నీకీ తిప్పలు!" అన్నారు. వినోద బండి లేపింది. ఖాళీ క్యాన్లు కట్టుకుని ఇల్లు చేరింది. తెల్లవారి అదే వేళకు, అదే దారిన వెళ్లింది. గాడిలో పడ్డ బండి ఎటు లాగుతుందో, మోకాలితో ఎప్పుడు అదమాలో, బ్రేకు ఎక్కడ అసలు ముట్టుకోకూడదో ఆ నల్లమట్టే ఆమెకు నేర్పింది.

నిరుడు ఆమెకు ముప్పై ఒకటి. కంది కోతలు అయిపోయిన ఫిబ్రవరిలో, నాగల్‌గిద్ద అవతల కోసిన చేనును చదును చేసి బైకు పందేలు పెడుతున్నారని తెలిసింది. నూట పాతిక సీసీ లోపు బండి ఎవరిదైనా సరే రావచ్చని కాగితం మీద రాసి ఉంది. ఆ 'ఎవరిదైనా' అన్న మాటను వినోద రెండుసార్లు చదివి, పేరు రాయించింది. క్యాన్ల కొక్కేలు విప్పి, అద్దాలు తీసి, మట్టిలో పట్టు దొరికే టైర్లు వేయించింది.

పందేలు పెట్టింది కందుల వ్యాపారి జగన్నాథ్. మైకు కూడా ఆయన చేతిలోనే ఉంది. పొద్దున షరతులు ఆయనే చదివి వినిపించాడు. దారి మలుపు తిరిగే ప్రతిచోటా ఎర్రగుడ్డ కట్టిన డ్రమ్ము ఉంటుంది. దానికి బయటి నుంచే తిరగాలి. లోపలి నుంచి దూసుకుపోతే ఆ పందెంలో ఆఖరి స్థానమే. రెండు జట్లుగా పరుగెత్తి, ఒక్కో జట్టులోంచి మొదటి ముగ్గురు ఫైనల్‌కు వెళ్తారు.

వినోద తన జట్టులో మూడోదిగా వచ్చింది. ఆమె వెనక నాలుగోవాడు మహిపాల్, జగన్నాథ్ అన్న కొడుకు. ఇరవై మూడేళ్లవాడు. ఆఖరి మలుపులో ఆమె అతన్ని దాటినప్పుడు జనం ఈలలు వేశారు. జగన్నాథ్ మైకు మూసి పక్కవాళ్లతో ఏదో మాట్లాడాడు.

మధ్యాహ్నం ఫైనల్‌కు బండ్లు గీత మీదికి వస్తుండగా మైకు పలికింది.

"వినోద పేరు తీసేసినం. ఆడోళ్లకు దెబ్బలు తాకితే జవాబెవరు జెప్పాలె? ఆమె జాగల మహిపాల్ వస్తడు."

వినోద బండి దిగకుండానే అరిచింది. "పొద్దుగాల తాకవా సేటూ దెబ్బలు? అప్పుడెందుకు రానిచ్చినవ్?"

"పొద్దుగాల తమాషాకు రానిచ్చినం. ఫైనల్‌ల తమాషా నడ్వది."

జనంలో కొందరు నవ్వారు. వినోద చెవులు వేడెక్కాయి. ఏడుపొస్తుందేమోనని ఒక్క క్షణం భయపడింది. అది కోపమేనని తెలిశాక ధైర్యం వచ్చింది. చున్నీ నడుముకు బిగించి, బండిని నేరుగా గీత మీద తనకిచ్చిన మూడో గడిలోకి నెట్టుకొచ్చి ఆపింది. హెల్మెట్ పెట్టుకుంది.

"జెండా ఊపుతవో మడిచి పెట్టుకుంటవో నీ ఇష్టం. నేను ఈడికెల్లి కదల."

అప్పుడే మహిపాల్ తన బండి నడిపించుకుంటూ వచ్చాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. మూడో గడి దగ్గర ఆగాడు. ఆమెను చూశాడు. తర్వాత చిన్నాన్న వైపు తిరిగాడు.

"కాకా, ఈమె నా మీద గెలిచింది."

"తెలుసుగని, నువ్వు గీత మీదికి రా."

"ఓడిపోయినోన్ని ఫైనల్‌ల నిలబెడితే, రేపు నా దోస్తులకు మొఖం ఎట్ల జూపియ్యాలె? నేను రాను." బండిని పక్కకు తీసి స్టాండు వేశాడు. హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించాడు. చిన్నాన్న కళ్లల్లోకి మళ్లీ చూడలేకపోయాడు, కానీ వెనక్కీ తగ్గలేదు.

మొదటి గడిలో ఉన్నవాడు దత్తు. ఔరాద్ వైపునుంచి వచ్చిన కన్నడ పిల్లవాడు. అంతకు ముందటేడు కప్పు అతనిదే. అతను తన ఇంజన్ ఆపేశాడు.

"హౌదు, మహిపాల్ అన్నది నిజం సేటూ. ముగ్గురిని ఏరినంక ముగ్గురు రావాలె. ఆమె లేకుంటే నా బండి గూడ స్టార్టు కాదు."

జహీరాబాద్ నుంచి వచ్చిన వీరేశ్ కూడా ఆపాడు. మిగిలిన ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని తాళాలు తిప్పేశారు. అంతసేపూ చెవులు చిల్లులు పడేలా ఉన్న చేనులో ఒక్కసారిగా మైకు గుర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. జనం ఊరుకోలేదు. "జెండా ఊపు సేటూ!" అని మొదట ఒక మూల, తర్వాత నాలుగు మూలలా కేకలు లేచాయి. జగన్నాథ్ చేతిలోని జెండాను కాసేపు అటూ ఇటూ తిప్పి, "సరే, కానియ్యుండ్రి" అన్నాడు.

బండ్లు మళ్లీ మొదలయ్యాక దత్తు ఆమె వైపు వంగాడు. "అక్కా, దుమ్ము జాస్తి లేస్తది. నా ఎనకనే రా, మూల మీద జాగ ఇడుస్త."

"జాగ ఇడిసినవనుకో దత్తూ, పందెం అయినంక హెల్మెట్‌తోని కొడ్త."

దత్తు పకపకా నవ్వాడు. "సరే అక్కా. ఇడువ."

ఇడవలేదు కూడా. మొదటి మలుపులోనే ఆమెకు అడ్డంగా వచ్చి ముఖం నిండా మట్టి కొట్టాడు. వినోద పళ్ల మధ్య ఇసుక కరకరలాడింది. ఆమెకు ఎన్నడూ లేనంత సంతోషం కలిగింది. ఆరు చుట్లలో మూడు చుట్లు దత్తు, వీరేశ్, ఆమె ఒకరి వెనక ఒకరు. నాలుగో చుట్టులో వీరేశ్‌ను పట్టుకుంది. ఐదో చుట్టులో దాటింది. అతను మళ్లీ దాటాడు. ఆఖరి చుట్టు ఆఖరి మలుపుకు ఇద్దరూ పక్కపక్కనే వచ్చారు. ముందున్న దత్తు లేపిన దుమ్ములో దారి కనిపించలేదు. ముందు చక్రం ఒక కందికొయ్యకు తగిలి ఎగిరింది. ఆమె మోకాలితో అదిమి బండిని నిలబెట్టుకుంది. దుమ్ములోంచి బయటపడేసరికి వీరేశ్ వెనకబడ్డాడు. ఎదురుగా గీత.

కానీ ఆ దుమ్ములో ఆమెకు ఒక ఎర్రగుడ్డ కనిపించింది. తన కుడివైపున. అది ఎడమవైపు ఉండాలి.

డ్రమ్ము లోపలి నుంచి వచ్చింది తను. మలుపు దగ్గర కాపలా ఉన్న మనిషి దుమ్ముకు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వీరేశ్‌కూ కనిపించి ఉండదు. ఆమె ఆక్సిలరేటర్ వదల్లేదు. దత్తు మొదట, ఆమె రెండోది, వీరేశ్ మూడోవాడు.

జనం మీదపడ్డారు. ఫోన్లు పైకి లేచాయి. అందరికంటే ముందు మైకు గొంతే మారిపోయింది. "మన ఖేడ్ ఆడబిడ్డ వినోద! రెండో స్థానం! మనమే అవకాశం ఇచ్చినం, మన గౌరవం నిలబెట్టింది!"

మహిపాల్ దూరంగా తన బండి మీద నిలబడి, రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేస్తున్నాడు. వినోదకు అతని వైపు చూడబుద్ధి కాలేదు. ఆమె తనను ఓడించిందన్న ఒక్క నిజం కోసం అతను గడి వదులుకున్నాడు. ఆ నిజం మీదే తను ఇందాక గీత మీద నిలబడింది. ఇప్పుడు నోరు మూసుకుంటే దేని మీద నిలబడాలి? నోరు తెరిస్తే ఈ సేటు ఎంత సంబరపడతాడో! గొంతులో మట్టి ఇంకా అట్లాగే ఉంది. ఉమ్మేసి, జగన్నాథ్ దగ్గరికి నడిచింది.

"సేటూ, ఆఖరి డ్రమ్ము నేను లోపలికెల్లి తిరిగిన. రెండోది వీరేశ్‌ది."

జగన్నాథ్ గబుక్కున మైకు చేత్తో మూశాడు. "ఊకో! ఎవ్వరు జూడలే."

"నేను జూసిన."

"పిచ్చిదానివా? ఇంతమంది చప్పట్లు కొడుతున్నరు..."

"ఇందాక నన్ను నిజం మీద నిలబడనియ్యలే. ఇప్పుడు అబద్ధం మీద నిలబెడ్తవా?" ఆ మాటలు మైకు మీది చేతి సందుల్లోంచి చేనంతా వినబడ్డాయి. జనం మెల్లగా సద్దుమణిగారు. వీరేశ్ హెల్మెట్ చంకలో పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"వదినా, నాకైతే కనబడలే. ఉండనియ్, పోనీ."

"నీది నువ్వు తీస్కో వీరేశ్. నాకు దానం వద్దు, నీకు దానం చేస్తలేను."

జగన్నాథ్ పళ్లు బిగపట్టి, వీరేశ్ రెండో స్థానమని, తర్వాతివాడు మూడో స్థానమని చెప్పి మైకు దించబోయాడు. వినోద కదల్లేదు.

"నా పేరు?"

"నీకేమొచ్చిందని పేరు?"

"ఆరో నంబర్ వచ్చింది. షరతు నువ్వే చదివినవ్. ఆరో నంబర్ వినోద అని చెప్పు. పేరు తీసేసినం అని ఎంత గట్టిగ చెప్పినవో, గంత గట్టిగ చెప్పు."

దత్తు కప్పు కింద పెట్టి, రెండు చేతులూ కట్టుకుని జగన్నాథ్ వైపే చూస్తూ నిలబడ్డాడు. మైకు చెప్పింది. మొదట గొణిగింది. ఆమె ఇంకా కదలకపోయేసరికి, గట్టిగానే చెప్పింది.

జనంలో ఒకావిడ, పందెం చూడవచ్చిన అత్త సంగమ్మను మోచేత్తో పొడిచింది. "ఏమే, ఓడిపోయిందా నీ కోడలు?"

"ఓడిపోయింది," అంది సంగమ్మ. "నువ్వు ఎన్నో నంబరొచ్చినవ్?"

ఆ తర్వాత కొన్నాళ్లు బజారులో వినోదను వెక్కిరించినవాళ్లు ఉన్నారు. రెండో స్థానం చేతికొచ్చాక పారేసుకున్న తెలివితక్కువదని. ఆమె రోజూలాగే పాలకు వెళ్లింది. ఆదివారాలు మహిపాల్ తన బండి వేసుకుని వచ్చి, మనూర్ దారిలో ఆమెతో పాటు గాడిలో నడపడం నేర్చుకున్నాడు. నేర్పేటప్పుడు ఆమె తిట్టే తిట్లకు అతను రెండుసార్లు అలిగి వెళ్లిపోయాడు, రెండుసార్లూ తిరిగొచ్చాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో మళ్లీ పందేలు జరిగాయి. గీత మీద వినోదను ఎవరూ ఏమీ అడగలేదు. దత్తు మొదటి స్థానం నిలబెట్టుకున్నాడు. వినోద రెండు. డ్రమ్ములన్నీ ఎడమవైపునే. మహిపాల్ మూడు. గీత దాటగానే ఆమె బండి ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా మహిపాల్ కాలర్ పట్టుకుంది.

"ఆఖరి మూల మీద బ్రేకెందుకు పట్టినవ్‌రా? నాకు జాగ ఇచ్చినవా?"

"లేదక్కా, అమ్మతోడు! చక్రం జారింది!"

వినోద అతన్ని కాలర్ పట్టుకునే ఆ మూల దాకా నడిపించి, వంగి అతని వెనక టైరు గీసిన గాడిని చాలాసేపు చూసింది. మట్టిలో జారిన గుర్తు పొడుగ్గా, వంకరగా ఉంది. అప్పుడు కాలర్ వదిలింది.