వేపాకు తీయని కాలువ

కోరుట్లలో మా ఇంటి ముందు భాగం స్లాబు. వెనక వంటిల్లు మాత్రం రేకులది. రేకుల వాలు వెనక్కి ఉంటుంది కనుక ఆ అంచు పొడవునా ఒక తగరపు కాలువ బిగించి ఉంది. వాన నీళ్లు ఆ కాలువలో పడి, మూలనున్న పైపులోంచి దిగి, వీధి మోరీలో కలవాలి. కాలువకు అవతల, రెండు జానల దూరంలో, పక్కింటి మట్టి గోడ.

ఆ ఇంట్లో ఉండే ఆమెను వీధంతా ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తుంది. భర్త పోయాక ఒక్కతే ఉంటూ, ఆ మట్టిగోడ గదిలో మిషను పెట్టుకుని బొంతలు కుట్టేది. పెళ్లిళ్లకు రంగురంగుల గుడ్డలతో ఆమె కుట్టే బొంతల కోసం మెట్‌పల్లి నుంచి కూడా వచ్చేవాళ్లు.

మా పెరట్లో వేపచెట్టు ఉంది. ఎండాకాలమంతా అది ఆకు, పూత, పండ్లు రాల్చి కాలువను నింపేది. ఏటా మిరుగుకు, అంటే మృగశిర కార్తె తొలి వానలకు, ముందు ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని ఎక్కి, చేత్తో అంతా తోడి, నాలుగు బకెట్లు నీళ్లు పోసి, పైపు గలగలమంటే దిగేవాణ్ణి. గంట పని.

ఆ ఏడు ఎక్కలేదు. పెద్ద కారణమేమీ లేదు. ఒక ఆదివారం జగిత్యాలలో పెళ్లి. ఇంకో ఆదివారం ఎండ దంచింది. ఆ తర్వాత నేను పంతులుగా పనిచేసే మల్లాపూర్ బడి తెరిచారు.

"మిరుగు ఎల్లిపాయె. కాలువ ఎప్పుడు తీస్తరు?" అని నా భార్య అడిగింది.

"పైపుల నీళ్లు దిగుతనే ఉన్నయ్ గదా. వచ్చే ఆయితారం తీస్త" అన్నాను.

ఆషాఢంలో ముసురు పట్టింది. రెండో రోజు పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే ఖాలా ప్రహరీ మీంచి పిలిచింది. తల మీద యూరియా సంచి కప్పుకుని ఉంది.

"సార్, మీ కాలువ పొంగి నీళ్లన్నీ నా గోడ మీదికే వస్తున్నయ్. జర చూడుండ్రి."

గొడుగు పట్టుకుని వెనక్కి వెళ్లి చూశాను. కాలువ మధ్యలోంచి నీళ్లు పలుచటి తెరలాగా జారి మట్టి గోడను కొడుతున్నాయి. గోడ మోకాలెత్తు వరకు నల్లబడింది. రేకులు జారుతున్నాయి, ఎక్కాలంటే భయమేసింది.

"జర తెరిపియ్యంగనే ఎక్కుత ఖాలా."

"తెరిపిచ్చేదాంక గోడ ఆగాలె గద సార్" అంది నవ్వుతూనే. నేనూ నవ్వి బస్సెక్కాను.

సాయంత్రం వచ్చేసరికి ఆమె మళ్లీ పిలిచిందని నా భార్య చెప్పింది. కింద నిలబడి ఒక వాసంతో పొడిచినా పైపు మూతి తెరుచుకునేదేమో. ఆ పాటి ఆలోచన కూడా చేయలేదు. తడిసిన బట్టలు మార్చుకుని చాయ తాగుతూ కూర్చున్నాను.

మూడో రోజు వానకు బడి బంద్. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. వెనకవైపు వడ్ల బస్తా ఎత్తేసినట్టు ఒక బరువైన చప్పుడు. ఆ వెంటనే కేక. పరుగెత్తి వెళ్లేసరికి గది లేదు, మట్టి కుప్ప ఉంది. ఖాలా గడప దగ్గర బోర్లా పడి ఉంది. ఎడమ కాలు పెళ్లల కింద ఇరుక్కుంది. కేక విని వచ్చిన వీధివాళ్లు ముగ్గురితో కలిసి నలుగురం మట్టి తోడి ఆమెను బయటికి లాగాం. మిషను కనిపించనే లేదు. ఎవరి పెళ్లికో కుడుతున్న ఎర్ర బొంత అంచు ఒక్కటి బురదలోంచి బయటికి వేలాడుతోంది.

ఆటోలో జగిత్యాల ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. మడమ పైన ఎముక విరిగిందన్నారు. సిరిసిల్ల నుంచి ఆమె తమ్ముడు వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు లేకుంటే మా అక్క ఏమయ్యేదో సార్. మీరు చేసిన ఎహ్సాన్ మర్చిపోం."

నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. మంచం మీది నుంచి ఖాలా నా మొహంలోకి చూసింది.

మర్నాడు సర్కారు తరఫున కూలిన ఇళ్లు రాసుకునే ఆయన వచ్చాడు. "పాత మట్టి గోడ, వానకు నాని పడ్డది, అంతే గద సార్?" అని, పక్కింటివాణ్ణని సాక్షి సంతకం అడిగాడు. పెట్టాను.

వాన వెలిశాక నిచ్చెన ఎక్కాను. కాలువలో వేపాకు కుళ్లి నల్లటి అడుసైంది. పైపు మూతికి ఒక ప్లాస్టిక్ కవరు అంటుకుని ఉంది. దాన్ని రెండు వేళ్లతో లాగాను. నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా గుడగుడమని దిగిపోయాయి. నిచ్చెన మీద అట్లాగే నిలబడిపోయాను.

కింద నా భార్య ఉంది. "గా కాయిదం మీద సంతకం ఎట్ల పెట్టిండ్రు?" అంది. ఆ వారమంతా బడిలో పిల్లలకు ఏం చెప్పానో నాకే తెలియదు. ఎవరైనా "పాపం, సార్ లేకుంటే ఖాలా బతికేది కాదు" అంటే లేచి వెళ్లిపోయేవాణ్ణి. నిజం మాత్రం చెప్పలేదు.

పదిహేను రోజులకు, చందుర్తి మీదుగా పోయే బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. ఖాలా తమ్ముడింట్లో మంచం మీద ఉంది. చుట్టూ మరమగ్గాల చప్పుడు. ఒకసారి చెప్తే వినపడక, రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"గోడ ఊకె పడలే ఖాలా. నా కాలువ తియ్యక పడ్డది. తప్పు నాది."

"నాకు ఎరుకనే" అంది. "రెండుసార్లు పిలిచిన గద. దవఖానల నా తమ్ముడు మీ చేతులు పట్టుకున్నప్పుడు చెప్తరేమో అని చూసిన. చెప్పకపోతిరి."

"మాఫ్ చెయ్యి ఖాలా."

"మాఫీ ముచ్చట తర్వాత. ముందుగాల గోడ కట్టియ్యుండ్రి. ఇటుకలతోని. ఇగ, గా కాయిదం మీద రాసింది అబద్ధమని మన వాడకట్టోళ్లకు మీ నోటితోనే చెప్పుండ్రి."

ఆమె తమ్ముడు చాయ గ్లాసు పట్టుకుని గడపలోనే నిలబడ్డాడు. అంతా విన్నాడు. గ్లాసు నా పక్కన స్టూలు మీద పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లాడు.

గోడకు పునాది తీసిన రోజు, చూడవచ్చిన నలుగురి ముందు చెప్పాను. "వానకు మీరేం చేస్తరు సార్" అన్నారొకరు. ఒక పెద్దమనిషి మాత్రం కండువా దులుపుకుంటూ, "సంతకం పెట్టేటప్పుడే చెప్పాలె" అని వెళ్లిపోయాడు. ఆ కాగితం రాసినాయన దగ్గరికీ వెళ్లి చెప్పాను. ఆయన విసుక్కుంటూ ఇంకో కాగితం రాయించుకున్నాడు.

మా రేకుల మీదికి వాలిన వేపచెట్టు కొమ్మలు కొట్టించాం. మా మిషను ఒకటుంటే నా భార్య దాన్ని ఖాలాకు ఇచ్చేసింది. దసరా దాటాక ఖాలా తిరిగి వచ్చింది. కొంచెం కుంటుతుంది. నా భార్యతో మునుపటిలాగే గంటలు గంటలు ముచ్చట పెడుతుంది. నాతోనూ మాట్లాడుతుంది, అడిగినదానికి మాత్రమే. మాఫ్ చేసినట్టు ఇప్పటిదాకా అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు. ఇటుక గోడ గట్టిగానే ఉంది కానీ, మబ్బు పట్టిందంటే ఆమె ఆ గదిలో కూర్చోదు. మిషను ముందరి అర్రలోకి జరుపుకుని, వీధి తలుపు తెరిచిపెట్టుకుని కుడుతుంది.